పద్నాలుగో ఫారం

భవానీపురం,
1 ఫిబ్రవరి 2025, శనివారం

మహారాజశ్రీ అమలమ్మ అత్తగారి సముఖానికి,

మేనల్లుడు పాల్ సాష్టాంగపడి చెప్పుకుంటున్న క్షమాపణ. ముందే చెప్పేస్తే ఆనక తప్పు చేయడానికి వెసులుబాటుగా ఉంటుంది. ఈ ఉత్తరంలోనూ ఇకమీదట రాయబోయేవాటిలోనూ దొర్లే అతిశయోక్తులకూ అక్షరదోషాలకూ క్షమించు. ప్రూఫ్ రీడర్ ఉద్యోగం చేస్తూ అక్షరదోషాలేమిటని అడగకు. జీతమిచ్చే అక్షరాలనే దిద్దుతాను. ఆరేళ్ళ కిందట గాలివానకి మీ పెరట్లో పనసచెట్టు కూలినందుకూ, బందరు రోడ్డు మీద గుంతలకూ, మావయ్య గుండెలో మూడు చోట్ల అడ్డం పడినందుకూ కూడా నన్నే క్షమించు. వీటిలో నేను చేసినవి లేవు. అయినా ఎవరో ఒకరు చెప్పుకోవాలి కదా.

నువ్వడిగిన 'ఏడో నంబరు లాకు' మీ ఊరి సురేష్ చేతికిచ్చి పంపుతున్నాను. మా ప్రెస్సులో మూడో ముద్రణ దిగింది. బెజవాడలో చదివే అలవాటున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు "చదివావా?" అని అడగడం మానేశారు. "ఎన్నో పేజీలో ఉన్నావు?" అంటున్నారు. మొన్న బ్యాంకులో ఒకాయన ఇది చదువుతూ తన టోకెన్ పిలిచినా లేవలేదు. వెనకాయన కూడా తొందరపెట్టలేదు. ఆయన భుజం మీదుగా అదే పేజీ చదువుతున్నాడు.

ఇక అలవాటు ప్రకారం సర్టిఫికెట్:

"కాలువ మీద పడవలను దాటించు లాకు గుమాస్తా పుల్లయ్య కథ అయిన ఈ నవల 224 పేజీలు, అనగా పదహారేసి పేజీల ఫారాలు పద్నాలుగు, నేను స్వయముగా చదివితిని. ఇందు పుల్లయ్య మొదలు అతని బాతుల వరకు ఎవ్వరూ చనిపోరు. ఒక బాతుకు కాలు విరుగును. అది 61వ పేజీలో నయమగును."

మావయ్యని సోమవారం చేర్చుకుంటారు. షుగరు అదుపులోకి తెచ్చి పదకొండున గుండె ఆపరేషన్. శాలిని వదిన సెలవు పెట్టి కూతురి హోదాలో అక్కడే ఉంటుంది. సాయంత్రాలు నేను వెళ్తాను. నువ్వు ధైర్యంగా ఉండు. నేనెలాగూ ఉండలేను.

ఇట్లు,
నీ పాదాలకు రెండడుగుల దూరంలో (తంతావేమోనని),
పాల్

---

ఉయ్యూరు,
3 ఫిబ్రవరి, సోమవారం

ఒరే పాల్,

నీ క్షమాపణ చదివి నవ్వాను. నవ్వాక ఎవరైనా విన్నారేమోనని ఇల్లంతా చూసుకున్నాను. నేనొక్కదాన్నే. మీ మావయ్య బూట్లు వేసుకుని వెళ్ళాడు, చెప్పులు గుమ్మం దగ్గర వదిలేశాడు. అవి లోపల పెట్టాలో అక్కడే ఉంచాలో తేలక, పొద్దుట్నుంచి వాటి చుట్టూ ఊడుస్తున్నాను.

మొదటి మాట. నాకు ఫోన్ చెయ్యకు. అది మోగితే కాళ్ళు చల్లబడుతున్నాయి. ఏదున్నా రాసి సురేష్ చేతికివ్వు, రోజూ పనికి బెజవాడ వచ్చి పోయేవాడేగా. శాలినికీ చెప్పాను, అంత అవసరమైతేనే చెయ్యమని. చెప్పాక తట్టింది, ఇక మోగిందంటే అంత అవసరమే అన్నమాట కదా అని. ఇప్పుడు ఇంకా భయంగా ఉంది. అక్కడికొచ్చి ఉందామంటే నా సంగతి నీకు తెలుసు. మొన్న ఆయనకి పరీక్ష చేసిన రోజున ఆ ఆస్పత్రి వాసనకి నేను కళ్ళు తిరిగి పడితే నర్సులు ఆయన్ని వదిలేసి నన్ను మోశారు.

రెండో మాట. ఈ పుస్తకాన్ని నవదినాల ప్రార్థనలాగా చదువుతున్నాను. ఫాదర్ గారితో అనకు. ఇవాళ్టినుంచి పదకొండుకి సరిగ్గా తొమ్మిది రోజులు. రోజుకి పాతిక పేజీలు, ఆఖరి రోజు ఒకటి తక్కువ. ఎవరూ చావని పుస్తకం తొమ్మిది రోజులు విడవకుండా చదివి, ఆపరేషన్ రోజున ముగిస్తే ఆయనకేమీ కాదని మొక్కుకున్నాను.

నవ్వకు. మా నాన్న పోయినప్పుడు నా చేతిలో పుస్తకం. అందులో ముసలాయన అప్పుడే కన్నుమూశాడు. మా అన్నయ్య, అదే మీ నాన్న, పోయిన రోజూ చేతిలో పుస్తకమే. నువ్వు తెచ్చిచ్చిందే. కబురొచ్చేసరికి సగంలో చీటీ పెట్టి లేచాను. ఏడేళ్ళయింది, ఆ చీటీ ఇంకా అక్కడే ఉంది. అప్పట్నుంచేగా నీ సర్టిఫికెట్ లేనిదే నేను పుస్తకం ముట్టుకోనిది.

శౌరమ్మ టీచరు, గుళ్ళో నా పక్కన కూర్చునేది, నా చేతిలో ఇది చూసి "అమలమ్మా, అన్నీ వదిలేసి ముందు ఇదే చదువు. పక్కన తువ్వాలు పెట్టుకో" అంది. ఎవరూ చావని పుస్తకానికి తువ్వాలెందుకురా?

అత్త,
25వ పేజీ నుంచి

---

భవానీపురం,
4 ఫిబ్రవరి, మంగళవారం

25వ పేజీ వాస్తవ్యురాలు అత్తకి,

తువ్వాలు విషయమై విచారణ జరిపించాను. 71వ పేజీలో కాలవ గట్టు తెగి వరద వస్తుంది. శౌరమ్మ గారు తడవకుండా జాగ్రత్తపడి ఉంటారు. అదీగాక ఆవిడ ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత కన్నీళ్ళు పెట్టించారు. ఇప్పుడు ఆవిడ వంతు.

మావయ్య బాగున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అన్నేళ్ళు చెరకు బళ్ళు తూచిన బుద్ధి ఎక్కడికి పోతుంది? గదిలోకి ఎవరొచ్చినా బరువు చెప్తున్నాడు. మత్తు డాక్టరు గారు అడుగుపెట్టగానే "డెబ్భై నాలుగున్నర, టిఫిన్ కాకుండా" అన్నాడు. ఆయన పంతానికి వెళ్ళి తూచుకుని వచ్చాడు. డెబ్భై నాలుగున్నర. అప్పట్నుంచి లావుపాటి నర్సు ఒకావిడ తలుపు దగ్గరే నిలబడి "తాతగారూ, మాత్ర వేసుకున్నారా?" అని అడిగి పారిపోతోంది.

నేను బయల్దేరుతుంటే చేతి వాచీ తీసి నాకిచ్చాడు. "ఉంచరా" అన్నాడు.

నాన్న సంగతీ ఆ చీటీ సంగతీ రాశావు. దానికి జవాబు ఇంకోసారి.

ఇట్లు,
రెండు వాచీలు పెట్టుకుని ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళిన
పాల్

---

ఉయ్యూరు,
5 ఫిబ్రవరి, బుధవారం

పాల్,

వాచీ ఎందుకిచ్చాడు? పెళ్ళినాటిది. స్నానానికి తప్ప తీయడు. ఏమన్నాడో మాట పొల్లుపోకుండా రాయి. "ఉంచరా" అన్నాడా, "ఉంచుకోరా" అన్నాడా? రెంటికీ చాలా తేడా ఉంది.

వరద నిజమే. 71లోనే వచ్చింది. నీ మీద కాస్త నమ్మకం కుదిరింది.

ఒక మంచిపని కూడా చేశాను. మన వీధి చివర రావమ్మ వదిన లేదూ, తనూ ఈ పుస్తకం పోయిన నెల పుస్తకాల ఎగ్జిబిషన్‌లో కొనుక్కుందట. మనవరాలి బారసాలకి మైలవరం వెళ్తూ, ఇంకా మొదలుపెట్టలేదు, తీసుకెళ్తే బస్సులో నలుగుతుందని బెంగపడుతోంది. నాదానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకున్నానుగా. "నాది పట్టుకెళ్ళు వదినా, నీది నాకివ్వు. లోపలంతా ఒకటేగా" అన్నాను. ఎంత మురిసిపోయిందో.

అత్త,
75

---

భవానీపురం,
6 ఫిబ్రవరి, గురువారం

అత్తా,

ఎంత పని చేశావు!

అంటే, చేసింది మంచిపనే. కానీ నేనిచ్చిన సర్టిఫికెట్ ఆ ప్రతికి మాత్రమే వర్తించును. ఒక బండి ఇన్సూరెన్స్ ఇంకో బండికి పనికొస్తుందా? నీ ప్రతి నేను చేత్తో ఎంచి తీసింది. కాగితం మంచిది, కుట్టు గట్టిది. రావమ్మ గారిదాంట్లో పేజీలు ఊడవచ్చు. తారుమారు కావచ్చు. బొత్తిగా నమ్మకూడని ప్రతి. దయచేసి చదవడం ఆపి, మైలవరంలో ఆవిడ దిగిన ఇల్లు ఎక్కడో రాసి పంపు. బండి మీద వెళ్ళి నీది నీకు తెచ్చిస్తాను.

వాచీ సంగతి కంగారు పడాల్సింది కాదు. ఒంటి మీద ఏమీ ఉంచకూడదని ఆస్పత్రి వాళ్ళే చెప్పారు. "ఉంచరా" అనే అన్నాడు. నిన్న రెండుసార్లు టైమెంతని నన్నే అడిగాడు. అంటే తిరిగి తీసుకునే ఆలోచన ఉన్నట్టే.

తొందరలో,
పాల్

---

ఉయ్యూరు,
9 ఫిబ్రవరి, ఆదివారం

పాల్,

రావమ్మ కూతురి ఇంటి గుర్తులు శుక్రవారమే సురేష్‌తో చెప్పి పంపాను. నువ్వెందుకంత కంగారుపడుతున్నావో అడగలేదు. చదవడం మాత్రం ఆపలేదు. మొక్కు మధ్యలో ఎవరైనా ఆపుతారా?

ఇవాళ గుళ్ళో పూజ అయ్యాక బయటికొస్తున్నాను. వరండాలో శౌరమ్మ అటు తిరిగి ఫోన్లో అరుస్తోంది. "పోయాడమ్మా! ఎన్నిసార్లు చెప్పను? పోయాడు!"

నాకు ఫోన్ చెయ్యొద్దని నేనే అన్నాను కదా. అందుకే శాలిని శౌరమ్మకి చేసిందనుకున్నాను. గోడ పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాను. జపమాల ఎక్కడ పడిందో తెలీదు. పైన పంకా తిరుగుతోంది, దాని చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. శౌరమ్మ ఇటు తిరిగి చూసి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, నీ మొగుడు కాదే పిచ్చిదానా, పుల్లయ్య!" అంది. అనేసి నాలిక కరుచుకుంది. అవతలనుంచి రావమ్మ గొంతు నాకూ వినబడుతూనే ఉంది. "పోవడమేంటి టీచరు గారూ, లేచి కూర్చుంటేనూ! ఇప్పుడేగా చదివి మూశాను, కళ్ళు పోయినియ్యా ఏంటి మీకు?" అంటోంది.

వాళ్ళిద్దరికీ మాటల్లేవిప్పుడు. ఇరవై ఏళ్ళుగా ఒకరి పుస్తకం ఒకరు చదువుకున్న మనుషులు.

ఒకే పుస్తకంలో ఒకే మనిషి ఒకరికి బతికి, ఒకరికి చావడమేమిటిరా? నేను 175లో ఉన్నాను. పుల్లయ్యకి 170 నుంచి ఎడమచెయ్యి లాగుతోంది. ఎవరికీ చెప్పడం లేదు. మీ మావయ్య కూడా ఇలాగే చెప్పకుండా నెల తిరిగాడు. ఆపితే మొక్కు తప్పినట్టు. చదివితే ఏమవుతుందో నువ్వు చెప్పు. నిజం చెప్పు.

అత్త

---

భవానీపురం,
10 ఫిబ్రవరి, సోమవారం

అత్తా,

మైలవరం శనివారమే వెళ్ళాను. రావమ్మ గారు 190లో ఉన్నారు. పుస్తకం ఇమ్మంటే గారెలు పెట్టారు. మళ్ళీ అడిగితే, "చదివే పుస్తకం చేతిలోంచి లాక్కునేవాడివి, నువ్వేం ప్రెస్సులో పనిచేస్తున్నావయ్యా" అని బారసాల జనమంతా వినేలా అన్నారు. తలొంచుకుని వచ్చేశాను.

నువ్వు నిజం చెప్పమన్నావు. ఇవాళ నా వల్ల కాదు. ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను. 208 దాటకు. కారణం అడగకు.

ఆస్పత్రిలో కాగితాల మీద సంతకాలయ్యాయి. శాలిని వదిన ఒకచోట రెండుసార్లు పెట్టింది. మావయ్య మాత్రం ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు గారిని కిందినుంచి పైదాకా చూసి "అరవై తొమ్మిది. నమ్మకమైన మనిషి" అన్నాడు. బరువుకీ నమ్మకానికీ ఏమిటి సంబంధమో నాకు తెలీదు. ఆ మాట పట్టుకునే ఇవాళ అన్నం తిన్నాను.

రేపు నేను ఆయన తలుపు బయట ఉంటాను. నువ్వు 208వ పేజీ బయట ఉండు. ఇద్దరం బయటే ఉందాం.

పాల్

---

ఉయ్యూరు,
11 ఫిబ్రవరి, మంగళవారం

పాల్,

పొద్దున ఎనిమిదిన్నర. లోపలికి తీసుకెళ్ళే వేళ. శౌరమ్మ తోడుంటానంది, వద్దన్నాను. 201 మొదలుపెట్టాను.

పది. ఎనిమిది పేజీలకి గంటన్నర పట్టింది. 208 అడుగున చివరి మాట ఇది: "పుల్లయ్య లాకు తలుపు మీద చెయ్యి ఆనించి, నీళ్ళు ఎక్కేదాకా ఆగుదామన్నట్టు నిలబడ్డాడు." అక్కడికి కాగితం అయిపోయింది.

నువ్వు చెప్పకుండానే చెప్పావురా. ఆగమన్నావంటే అర్థమేమిటి? బతికే మనిషి దగ్గర ఎవరైనా ఆగమంటారా?

పన్నెండు. చెరకు ట్రాక్టర్లు వెళ్తున్నాయి. ఒక్కోటి వెళ్తుంటే కిటికీ అద్దం అదురుతోంది, ఫోనేమోనని లేస్తున్నాను. ఆయన చెప్పులు లోపలికి తెచ్చి మంచం కింద పెట్టాను. మళ్ళీ తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టాను.

ఒంటిగంట. ఫోన్ మోగుతోంది.

ఆగింది.

మళ్ళీ మోగుతోంది. అంత అవసరమైతేనే చెయ్యమన్నాను. తీయలేను. అందులో ఏముందో అది ఇందులోనూ ఉంటుంది. ఇది కాగితం, అరవదు. ముందు ఇది చూస్తాను.

తిప్పుతున్నాను.

---

ఉయ్యూరు,
12 ఫిబ్రవరి, బుధవారం

ఒరే పాల్,

నిన్నటి కాగితం కూడా దీంతోపాటే పంపుతున్నాను.

పుల్లయ్య 211లో పోయాడు. తలుపు మీద చెయ్యి తియ్యకుండానే పోయాడు. మిగిలిన పదమూడు పేజీలు, ఎంత బాగా రాశాడ్రా ఆ మనిషి! బాతులు ఆయన కోసం గట్టు మీద కూర్చోవడం... శౌరమ్మ తువ్వాలన్నది ఇందుకే. ఫోన్ మోగుతూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. అప్పటికి నాకు ఆశ లేదు. ఆశ లేదు కాబట్టే ఆపకుండా చదవగలిగానేమో.

224 మూసి ఫోన్ తీశాను. శాలిని ఏడుస్తోంది. సరే, అయిపోయింది అనుకున్నాను. గోడ కూడా పట్టుకోలేదు. అది ఏడుస్తూనే తిట్టింది. "నాన్న బయటికొచ్చాడే తల్లీ, బాగున్నాడే! పన్నెండుసార్లు చేస్తే తీయవేంటమ్మా? నీకేమైందోనని ఇక్కడ మేం చస్తున్నాం!"

అవతల మీరందరూ నా కోసం భయపడుతున్నారని నాకు తట్టనే లేదు.

ఇవాళ పొద్దున రావమ్మ వచ్చింది. నా పుస్తకం తిరిగిచ్చింది. చివరి ఫారం తిరగేశాను. కాగితం ఒక పిసరు తెల్లగా ఉంది. పుల్లయ్య ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుని డాక్టరు బరువు చెప్తాడు. డెబ్భై ఒకటట. లాకు గుమాస్తాకి బరువులతో పనేమిటిరా? పడవలు లెక్కపెట్టుకునేవాడికి? రావమ్మకి నువ్వే చెప్పుకో. శౌరమ్మకి కూడా.

తిట్టడానికి రాయడం లేదు. ఇక సర్టిఫికెట్లు వద్దు. పుల్లయ్య పోయాడు, మీ మావయ్య ఉన్నాడు. ఆ ముక్క పుస్తకం మూసి ఫోన్ తీసిన నిమిషంలో తెలిసింది.

బీరువాలోంచి ఏడేళ్ళ చీటీ ఉన్న పుస్తకం తీశాను. మీ నాన్న పోయినప్పటిది. చీటీ దగ్గర్నుంచే మొదలుపెడతాను. అప్పటినుంచి ఎప్పుడు ఆ మాట ఎత్తినా నువ్వు వేరే మాట ఎత్తుకుంటావు. అందుకని అడుగుతున్నాను. చివరికి ఏమవుతుందో నీకు తెలుసా?

అత్త

---

భవానీపురం,
13 ఫిబ్రవరి, గురువారం

అత్తా,

గొంతులో గొట్టం తీయగానే మావయ్య అడిగిన మొదటి మాట: "నేనెంత తగ్గాను?" వాచీ తిరిగిచ్చాను. రెండో రంధ్రానికి బిగించుకున్నాడు.

మొదటి ఉత్తరంలో చెప్పిన క్షమాపణలన్నీ ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటున్నాను. పనసచెట్టు గాలికి కూలింది. బందరు రోడ్డుకి వేరే నాథులున్నారు. పద్నాలుగో ఫారానికి కూడా క్షమాపణ చెప్పను. అవును, అది నేనే రాశాను. ఆ పుస్తకమే కావాలని నువ్వు పట్టుబట్టావు. వద్దంటే ఎందుకు వద్దన్నానో నీకు తెలిసిపోతుంది. అందుకని ఒక్క ఫారం రాసి, చిన్న మిషన్ మీద తీశాను. బైండింగ్‌లో తెరేసమ్మ గారు అసలుది విప్పి దీన్ని కుట్టి పెట్టారు. ఎందుకని అడిగితే "మా మావయ్య కోసం" అన్నాను. పుల్లయ్యని చంపడానికి ఆ రచయితకి మూడు పేజీలు పట్టింది. బతికించడానికి నాకు పదహారు పేజీలూ మూడు రోజులూ పట్టాయి. అయినా మావయ్య మాటలు అరువు తెచ్చుకోక తప్పలేదు. శౌరమ్మ గారి దగ్గరికీ రావమ్మ గారి దగ్గరికీ ఆదివారం వచ్చి చెప్తాను. గారెలు పెడితే ఇంకా వివరంగా చెప్తాను.

ఇక నువ్వు అడిగింది.

తెలుసు. నీకివ్వకముందే చదివాను. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను, నాన్న అప్పటికే మంచం మీద ఉన్నాడు. చివరి పేజీలో తండ్రి పోతాడు. కొడుకు పక్కనే కూర్చుని ఉంటాడు, కానీ ఆ నిమిషాన కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. అది తెలిసే ఉయ్యూరు బస్సెక్కి వచ్చి ఆ పుస్తకం నీ చేతిలో పెట్టాను. నాలుగో రోజున నాన్న పోయాడు. నువ్వు నీ చేతిలో పుస్తకం ఉందని ఏడ్చావు. అందులో ఏముందో తెలిసే ఇచ్చానని నేను నోరు విప్పలేదు. నీకు సర్టిఫికెట్లు రాయడం మొదలుపెట్టాను. నువ్వు నవ్వుతావని వాటిని తమాషాగా రాసేవాణ్ణి. నిజానికి నువ్వు నమ్మినదాన్ని నీకంటే ఎక్కువ నేనే నమ్మాను.

అన్నీ తెలిసి ఎందుకిచ్చావని అడిగితే నా దగ్గర ఒక్కటే జవాబు. చాలా బాగుంది అత్తా. అంత బాగున్నదాన్ని చదివి, ఇంకొకరి చేతిలో పెట్టకుండా ఉండలేకపోయాను.

పాల్